స్ఫర్ఫల్లారె: కొట్టుకునే లైటుకి సీతాకోకచిలుక పేరు ఎలా వచ్చింది? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలోని తురిన్‌లో అద్దెకున్న రోజుల్లో మా వంటింటి ట్యూబ్‌లైట్ ఒక సాయంత్రం వెలుగుతూ ఆరుతూ మొదలుపెట్టింది. ఇంటావిడ పైకి చూసి ఒక్క మాట అంది: "స్ఫర్ఫల్ల." ఫర్ఫల్ల అంటే సీతాకోకచిలుక అని నాకు అప్పటికే తెలుసు కాబట్టి పైన పురుగేదైనా ఎగురుతోందేమోనని నేనూ చూశాను. పురుగు లేదు, లైటే ఉంది. ఆ రోజు నుంచి ఈ "స్ఫర్ఫల్లారె" అన్న క్రియ నన్ను వదల్లేదు. ఇటాలియన్ నేర్చుకుంటున్న స్నేహితులు దీని గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు, అందుకే వాళ్ళ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

స్ఫర్ఫల్లారె అంటే అసలు అర్థం ఏమిటి?

వెలుతురు నిలకడగా ఉండకుండా గబగబా పెరుగుతూ తగ్గుతూ, లేదా వెలుగుతూ ఆరుతూ ఉండటం. పాడైపోతున్న ట్యూబ్‌లైట్, పాత టీవీ తెర, వైరు వదులైన కంప్యూటర్ మానిటర్, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, వీటన్నిటికీ ఇటలీలో ఈ మాటే వాడతారు. అయితే ఇది ఆ మాటకున్న అర్థాల్లో ఒకటి మాత్రమే. చాలా నిఘంటువుల్లో ముందు వచ్చేది పురుగు అర్థం: గూడు చీల్చుకుని రెక్కల పురుగు బయటికి రావడం. తర్వాత అటూ ఇటూ ఎగరడం. వెలుతురు అర్థం ఆ వెనక వస్తుంది. ఈ వరస గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎలా పలకాలి?

స్ఫర్-ఫల్-లా-రె. ఒత్తు "లా" మీద. "ఫ" ని పెదవి పళ్ళకి ఆనించి పలకాలి, కాఫీలో పలికినట్టు. ద్విత్వం "ల్ల" ని కచ్చితంగా వత్తి పలకాలి. ఇది ఇంగ్లీషువాళ్ళకి కష్టం గానీ మనకి కాదు: "కల" వేరు, "కల్ల" వేరు అని చిన్నప్పటి నుంచీ తెలిసిన నోరు మనది. మాట చివర అచ్చు రావడం కూడా మనకి అలవాటే.

ఈ మాట ఏ ముక్కలతో తయారైంది?

మూడు ముక్కలు. ముందు "స్", మధ్యలో "ఫర్ఫల్ల", చివర క్రియ చేసే "ఆరె". ఇందులో వెలుతురుకి సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు, దీపం లేదు, నిప్పు లేదు, మెరుపు లేదు. ఉన్నదల్లా ఒక సీతాకోకచిలుక. నాకు ఈ క్రియలో నచ్చేది సరిగ్గా ఇదే. దీన్ని వెలుతురుకి వాడినవాళ్ళు వెలుగు ఎంత ఉందో చూడలేదు, అది ఎలా కదులుతోందో చూశారు.

ముందున్న ఆ "స్" ఏం చేస్తుంది?

లాటిన్‌లో "బయటికి" అని చెప్పే "ఎక్స్" అరిగిపోయి ఇటాలియన్‌లో ఒక్క "స్" గా మిగిలింది. "ఫోర్నొ" అంటే పొయ్యి, రొట్టెలు కాల్చే ఓవెన్. "స్ఫొర్నారె" అంటే ఓవెన్‌లోంచి బయటికి తీయడం. "కప్ప" అంటే పైన వేసుకునే అంగీ (మన చెరువులో కప్ప కాదు), దాంతో పుట్టిన "స్కప్పారె" అంటే పారిపోవడం: పట్టుకున్నవాడి చేతిలో అంగీ వదిలేసి జారుకోవడం అన్నమాట. కొన్నిసార్లు ఈ "స్" బయటికి అని కాకుండా పనికి జోరు పెంచడానికి కూడా వస్తుంది. స్ఫర్ఫల్లారె విషయంలో నాకు రెండూ కనిపిస్తాయి. పురుగు అర్థంలో "బయటికి" అన్న భావం ఉంది, రెక్కల పురుగు గూట్లోంచి బయటపడుతుంది కాబట్టి. ఎగిరే అర్థంలోనూ లైటు అర్థంలోనూ జోరు పెంచడమే ఎక్కువ.

పట్టుపురుగుకీ ఈ మాటకీ అంత సంబంధం ఎందుకు?

ఉత్తర ఇటలీ పల్లెల్లో వందల ఏళ్ళు పట్టు అంటే జీవనాధారం. 19వ శతాబ్దంలో యూరప్‌లో అందరికంటే ఎక్కువ ముడిపట్టు తీసింది ఇటలీయే. లొంబార్దీయ, పియెమొంతె, వెనెతొ ప్రాంతాల్లో రైతు ఇంట్లోనే మల్బరీ ఆకు తరిగి పురుగులకి వేసేవాళ్ళు. కోమొ ఊరు ఈనాటికీ పట్టు బట్టల అద్దకానికీ డిజైన్లకీ పేరు పడింది.

పట్టు తీసేవాళ్ళకి పురుగు గూడు చీల్చుకుని బయటికి రావడమంటే నష్టం. ఒక్కో గూడులో తెగకుండా సాగే దారం వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది. లోపలి పురుగు రెక్కల చిలుకగా, అంటే చిమటగా, మారి, గూడు ఒక చివర తడిపి మెత్తబరిచి, తోసుకుని బయటికి వస్తే అక్కడి దారపు పోగులు చెదిరిపోతాయి, ఇక ఆ గూటి నుంచి ఒకే పోగుగా దారం తీయడం కుదరదు. అందుకే ఆ లోపే వేడి ఆవిరి పెట్టి లోపలి పురుగుని చంపేస్తారు. చంపకుండా వదిలేసేది గుడ్ల కోసం ఉంచుకున్న గూళ్ళని మాత్రమే. కాబట్టి "స్ఫర్ఫల్లారె" ఎప్పుడు జరుగుతుంది, దేనికి జరగనివ్వాలి, దేనికి జరగనివ్వకూడదు అన్నది రైతు ఇంటి లెక్క. చిల్లుపడిన గూళ్ళకి "బొత్సొలి స్ఫర్ఫల్లాతి" అని పేరు కూడా ఉంది. వాటిని పారేయరు, దూదిలా ఏకి వడుకుతారు, నిగనిగ తక్కువగా ఉండే నూలు వస్తుంది.

19వ శతాబ్దం మధ్యలో పెబ్రీన అనే రోగం వచ్చి యూరప్ పట్టుపురుగుల్ని తుడిచిపెట్టినప్పుడు, ఇటలీ వ్యాపారులు రోగం లేని గుడ్ల కోసం జపాన్ దాకా ఓడలెక్కి వెళ్ళారు. లూయీ పాశ్చర్ దీనికి చూపిన దారి ఏమిటంటే, గూడు వదిలి వచ్చిన ఒక్కో ఆడ చిలుకనీ విడిగా ఉంచి గుడ్లు పెట్టించి, తర్వాత ఆ చిలుకని నూరి సూక్ష్మదర్శిని కింద చూడటం. రోగం కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేయడం. అంటే ఆ రోజుల్లో "స్ఫర్ఫల్లారె" అన్న మాటకి రైతుల భాషలోనూ శాస్త్రవేత్తల భాషలోనూ పని ఉండేది.

హిందూపురం వైపు పట్టుగూళ్ళ మార్కెట్ చూసినవాళ్ళకి ఈ లెక్క కొత్తగా అనిపించదు, అక్కడా చిలుక బయటికి రాకముందే గూళ్ళు అమ్ముడైపోవాలి. హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య గారు ప్రాచుర్యంలోకి తెచ్చిన అహింసా పట్టు సరిగ్గా దీనికి తిరగేసిన పద్ధతి: చిలుక ఎగిరిపోయాకే గూడు తీసుకుని నూలు వడకడం. ఇటాలియన్‌లో చెప్పాలంటే అది పూర్తిగా "స్ఫర్ఫల్లాతి" గూళ్ళతో చేసిన పట్టు.

మరి పురుగు నుంచి వెలుతురు దాకా ఎలా వచ్చింది?

రెక్కల వల్ల. సీతాకోకచిలుక ఎగురుతుంటే రెక్క తెరుచుకున్నప్పుడు రంగు కనిపిస్తుంది, మూసుకోగానే మాయమవుతుంది. చూసే కంటికి రంగు ఉంటూ లేకుండా పోతూ ఉంటుంది. దీపం చుట్టూ తిరిగే చిమటని చూడండి, అది దీపానికి అడ్డం వచ్చిన ప్రతిసారీ గోడమీద నీడ ఊగుతుంది. ఇలాంటి కదలికకి ఒక మాట చేతిలో ఉన్నవాళ్ళకి, తర్వాత కాలంలో సినిమా, కరెంటు లైట్లు, టీవీ వచ్చినప్పుడు కొత్త మాట వెతుక్కోనక్కర్లేకపోయింది.

సినిమా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫిల్మ్ ప్రొజెక్టర్‌లో బొమ్మ మారే క్షణంలో వెలుగుని ఆపాలి, లేకపోతే బొమ్మ జారుతున్నట్టు కనిపిస్తుంది. దానికోసం ఒక తిరిగే రెక్క ఉంటుంది. మూకీల కాలంలో సెకనుకి 16 బొమ్మల చుట్టూ నడిచేది, రెక్క ఒక్కటే ఉంటే సెకనుకి 16 సార్లు చీకటి అన్నమాట. కంటికి భరించలేనంతగా కొట్టుకుంటుంది. అందుకని రెండు మూడు రెక్కలు పెట్టి, ఒకే బొమ్మని రెండు మూడు సార్లు వెలిగించి చూపించడం మొదలుపెట్టారు. మాటల సినిమా వచ్చాక 24 బొమ్మలు స్థిరపడ్డాయి, రెండు రెక్కలతో 48 వెలుగులు. ఇంగ్లీషువాళ్ళు సినిమాకి "ఫ్లిక్స్" అని ముద్దుపేరు పెట్టుకున్నది కూడా ఈ కొట్టుకోవడం వల్లే. ఇటలీవాళ్ళు దాన్నే "స్ఫర్ఫల్లీయొ" అన్నారు. వెలుతురుని అలా రెపరెపలాడించిన ఆ యంత్రంలోనూ తిరిగేది రెక్కే కావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. పేరు దాన్ని చూసి పెట్టారని మాత్రం నేననడం లేదు.

స్ఫర్ఫల్లీయొ అంటే? స్ఫర్ఫల్లమెంతొ అని కూడా విన్నాను.

రెండూ నామవాచకాలే. చివర "ఈయొ" వస్తే ఆగకుండా సాగే పని అని అర్థం: "రొంత్సీయొ" ఈగల ఝుమ్మనడం, "మొర్మొరీయొ" గుసగుస, "లుచ్చికీయొ" తళతళ. ఆ వరసలోదే స్ఫర్ఫల్లీయొ, ఆగకుండా కొట్టుకోవడం. కెమెరా మెనూని ఇటాలియన్‌లో పెట్టుకుంటే కనిపించే "రిదుత్సియోనె స్ఫర్ఫల్లీయొ" ఇదే, లైట్ల కొట్టుకోవడం ఫోటోలో పడకుండా చేసే సెట్టింగ్. స్ఫర్ఫల్లమెంతొ అన్నది పురుగు గూడు వదలడానికీ యంత్రాలకీ ఎక్కువ వాడతారు.

యంత్రాలకా?

అవును, మెకానిక్‌ల నోట బాగా వినిపిస్తుంది. బైకు ముందు చక్రం వేగంలో అటూ ఇటూ వణికితే స్ఫర్ఫల్లమెంతొ. ఇంజన్ వాల్వులకి కూడా ఈ జబ్బు ఉంది: వాల్వు మూయడానికి స్ప్రింగ్ ఉంటుంది, ఇంజన్ మరీ వేగంగా తిరిగితే స్ప్రింగ్ అంత వేగంగా వాల్వుని వెనక్కి లాగలేదు, వాల్వు సరిగ్గా మూసుకోకుండా గాల్లో తేలుతుంది. బొలోన్యలోని డుకాటి కంపెనీలో ఇంజనీర్ ఫాబియొ తల్యోని 1956లో స్ప్రింగ్ మీద ఆధారపడకుండా వాల్వుని తెరవడానికీ మూయడానికీ రెండిటికీ క్యామ్‌నే (తిరుగుతూ వాల్వుని కదిపే ఉబ్బెత్తు భాగాన్ని) వాడే ఇంజన్‌ని రేసు బైకులో పెట్టాడు. దాన్నే డెస్మొ అంటారు. ఆ కంపెనీ బైకుల గొప్పగా చెప్పుకునే ఆ ఏర్పాటు స్ఫర్ఫల్లమెంతొ మీద చేసిన యుద్ధమే.

ఫర్ఫల్ల అన్న మాటే ఎక్కడిది?

దీని మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు. లాటిన్‌లో సీతాకోకచిలుకకి "పపిలియొ" అంటారు, ఫ్రెంచి "పపియ్యోఁ" అందులోంచే వచ్చింది. ఇటాలియన్ మాత్రం ఫర్ఫల్ల అంటుంది. రెక్కల టపటపని అనుకరిస్తూ పుట్టిన మాట అన్న వాదం ఒకటి ఉంది. నాకూ అదే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే "ఫర్-ఫల్" అని ఒకే హల్లు రెండుసార్లు రావడం మన "రెపరెప", "టపటప" ల లాగే ఉంది.

లాటిన్ పపిలియొ మనకీ ఒక మాట ఇచ్చింది. రెండు వైపులా గుడ్డ చాపిన గుడారం రెక్కలు విప్పిన చిలుకలా కనిపిస్తుందని రోమన్లు గుడారాన్ని కూడా పపిలియొ అన్నారు. అది ఫ్రెంచిలో మారి, ఇంగ్లీషులో పెవిలియన్ అయింది. అవుటైన బ్యాట్స్‌మన్ పెవిలియన్ దారి పట్టాడని క్రికెట్ వార్తల్లో చదువుతామే, ఆ పెవిలియన్‌లో ఉన్నది సీతాకోకచిలుకే.

నక్షత్రాలకి, దీపాలకి, సముద్రం మీద వెన్నెలకి వాడొచ్చా?

వద్దు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నిఘంటువులో ఒకే తెలుగు మాట చూసి అన్నిటికీ అదే అతికిస్తారు. లైటు విషయంలో స్ఫర్ఫల్లారె అనగానే ఇటలీ మనిషికి తోచేది లోపం: ఏదో పాడైంది, బాగుచేయించాలి. నక్షత్రాలు స్ఫర్ఫల్లారె చేస్తున్నాయంటే ఆకాశానికి వైరింగ్ చెడిపోయినట్టు ఉంటుంది.

నక్షత్రాలకి "షింతిల్లారె", ఇది నిప్పురవ్వ అని అర్థమున్న లాటిన్ "స్కింటిల్ల" నుంచి వచ్చింది. గాలికి ఊగే దీపానికీ అలలమీద వెలుగుకీ "త్రెమొలారె", అంటే వణకడం. 14వ శతాబ్దంలో ఇటాలియన్ కవి దాంతే తెల్లవారుజామున దూరంగా కనిపించే సముద్రానికి ఈ మాటే వాడాడు, అందుకే ఇటలీలో చదువుకున్నవాళ్ళకి త్రెమొలారె అనగానే వేకువ సముద్రం గుర్తొస్తుంది. ఆరిపోబోతున్న మంటకి "వచిల్లారె", తూలడం. బంగారం, నగలు, కన్నీళ్ళు తళుక్కుమంటే "లుచ్చికారె", మెరిసేదంతా బంగారం కాదు అన్న సామెతలో ఇటలీవాళ్ళు వాడేది ఇదే. కారు ఇండికేటర్ కావాలని వెలిగి ఆరితే "లంపెజ్జారె", అది లోపం కాదు, సైగ.

మెరుపుకి "బలెనారె". మెరుపు లాంటి ఆలోచన తట్టినా ఇదే క్రియ. ఇంద్రధనుస్సుని వాళ్ళు "అర్కొబలేనొ" అంటారు, అంటే మెరుపు విల్లు. మనకి ఇంద్రుడి విల్లు, వాళ్ళకి మెరుపు విల్లు. వజ్రాయుధం పట్టిన ఇంద్రుడిదే కదా మెరుపు కూడా!

బలుజినారె కూడా ఇదేనా?

కాదు. మసకలో ఒక వెలుగు కనిపించీ కనిపించకుండా ఉంటే బలుజినారె: దూరపు కొండమీద ఇంటి దీపం, పొగమంచులో వచ్చే బండి లైటు. మనసులో ఒక ఆలోచన లీలగా మెదిలినా ఇదే. రాతలో ఎక్కువ కనిపిస్తుంది, ఎలక్ట్రీషియన్‌తో ఎవరూ అనరు. దీని పుట్టుక గురించి కూడా వాదాలున్నాయి, స్ఫర్ఫల్లారె లాగా విప్పి చూపించగలిగే మాట కాదు.

మనుషులకి వాడతారా?

ఒకచోట నిలవకుండా ఒక పని నుంచి ఇంకో పనికి, ఒక ప్రేమ నుంచి ఇంకో ప్రేమకి దూకేవాళ్ళకి వాడతారు. అలాంటి మగవాణ్ణి "ఫర్ఫల్లోనె" అంటారు, పెద్ద సీతాకోకచిలుక. తెలుగులో పువ్వు పువ్వుకీ తిరిగే తుమ్మెద అంటాం. "స్ఫర్ఫల్లోనె" అంటే మాత్రం ఘోరమైన తప్పు, పరీక్షలో రాసేలాంటిది. ఈ రెండిటినీ కలిపేయకండి.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

"మెరవడం" కాదు. "మినుకుమినుకుమనడం" దగ్గరగా ఉంది గానీ అందులో వెలుగు సన్నగా, దూరంగా ఉందన్న భావం ఉంటుంది, చుక్కలకీ మిణుగురులకీ సరిపోయే మాట. బలుజినారెకి అది బాగుంటుంది. ఇళ్ళల్లో మనం లైటు "కొట్టుకుంటోంది" అంటాం, లేదా "బ్లింక్ అవుతోంది" అంటాం. రోజువారీ మాటల్లో స్ఫర్ఫల్లారెకి నేను "కొట్టుకోవడం" అనే రాస్తాను, రెక్కలు కొట్టుకోవడం కూడా ఆ మాటలోనే ఉంది కాబట్టి. ఇంకొంచెం అందం కావాలంటే "రెపరెపలాడటం". పక్షి రెక్కలకీ, జెండాకీ, దీపానికీ అన్నిటికీ మనం వాడే మాట అది. కాకపోతే దానికి లోపమన్న అర్థం రాదు.

అసలు లైట్లు ఎందుకలా కొట్టుకుంటాయి? నా ఫోన్‌లోనే ఎందుకు కనిపిస్తుంది?

ఇటలీలోనూ మన దేశంలోనూ కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఆవృత్తులు. ప్రతి ఆవృత్తిలో కరెంటు రెండుసార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి లైటు సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. సెకనుకి 50–60 సార్లు దాటితే మామూలుగా కన్ను దాన్ని ఒకే వెలుగుగా కలిపేసుకుంటుంది. పాత గుండు బల్బులో తీగ వేడి అంత త్వరగా చల్లారదు, అందుకే అందులో ఈ తేడా చాలా తక్కువ. ఎల్‌ఈడీకి ఆ వేడి సాయం లేదు, లోపలి సర్క్యూట్ నాసిరకంగా ఉంటే ఆ 100 దెబ్బలూ నేరుగా వెలుతురులో వస్తాయి. ఫోన్ కెమెరా బొమ్మని ఒక్కసారిగా కాకుండా వరసవరసగా చదువుతుంది, అందుకే తెరమీద నల్ల చారలు పాకుతూ కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ ముసలిదైతే ఒక చివర అరిగి, సగం దెబ్బలకే వెలుగుతుంది, అప్పుడు సెకనుకి 50 అవుతుంది, కంటికి దొరికిపోతుంది.

ఇటలీలో ఎలక్ట్రీషియన్‌కి ఏమని చెప్పాలి?

"ల లూచె ఇన్ కుచీన స్ఫర్ఫల్ల", వంటింట్లో లైటు కొట్టుకుంటోంది. ట్యూబ్‌లైట్ అయితే "ఇల్ నేఒన్ స్ఫర్ఫల్ల" అనండి, లోపల నియాన్ లేకపోయినా అక్కడ ట్యూబ్‌లైట్‌ని నియాన్ అనే పిలుస్తారు. బహువచనం "స్ఫర్ఫల్లనొ", ఒత్తు "ఫల్" మీద, "ల" మీద కాదు. జరిగిపోయింది చెప్పాలంటే "ఆ స్ఫర్ఫల్లాతొ": ఇక్కడి "ఆ" అన్నది "అవేరె" (కలిగి ఉండటం) రూపం, సహాయక క్రియగా అదే వస్తుంది, "ఎస్సెరె" (ఉండటం) కాదు. మా ఇంటికొచ్చిన ఆయన స్టూలెక్కి, ట్యూబ్ పక్కనున్న చిన్న స్టార్టర్‌ని తిప్పి తీసి, జేబులోంచి కొత్తది పెట్టి, స్విచ్ వేసి కాసేపు పైకే చూస్తూ నిలబడ్డాడు. "నోన్ స్ఫర్ఫల్ల ప్యూ" అన్నాడు. ఇక కొట్టుకోవడం లేదు అని.